తల దించుకుని నడిచేవాళ్ల కోసం

ఫిర్యాదు కాగితం నిన్న సాయంత్రం నుంచీ భోజనాల బల్ల మీదే ఉంది. దాని మీద ఎవరో గ్లాసు పెట్టారు. గ్లాసు తీసినవాళ్లు లేరు, కాగితం ముట్టుకున్నవాళ్లూ లేరు.

"ప్రెస్సులోవాళ్లే ఎవరో రాసుంటారు," అన్నాడు భర్త, వంగి బూటు లేసు కట్టుకుంటూ. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది ఆగిపోయినా ఎక్కడో ఒక వైరు తెగే ఉంటుందనీ, అది దొరికితే సగం పని అయిపోయినట్టేననీ అతని నమ్మకం. "మీ ఓనరే అయ్యుంటాడు. నువ్వు చదువుకుని వెళ్లిపోతే ఆయన పుస్తకాల్లో తప్పులు పట్టేదెవరు? ఇప్పుడే ఫోన్ చేసి అడిగేస్తాను."

"వద్దండీ."

"ఎందుకు వద్దు?"

"ఆయన రాయలేదు."

"నీకెలా తెలుసు?"

ఆమె పొయ్యి మీద నుంచి టీ దించింది. మూడు కప్పుల్లో పోసింది. మూడో కప్పు మీద మూత పెట్టి పక్కన ఉంచింది. మూసి ఉన్న పడకగది తలుపు అవతల కూతురు అల్మారా తెరిచి మూస్తున్న చప్పుడు వినబడుతోంది.

ప్రెస్సులో ఆమెను అందరూ తప్పులక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. నోటీసయినా, నవలయినా, మందుసీసా మీది చీటీ అయినా ఆమె కంటి కింద నుంచి పోకుండా అచ్చుకెక్కదు. అలాంటి మనిషి నలభై నాలుగో ఏట, కూతురు పగలు చదివే కాలేజీలోనే సాయంత్రం పూట గ్రాఫిక్ డిజైన్ డిప్లొమాలో చేరింది. చేర్పించింది కూతురే. దరఖాస్తు తనే నింపింది. మౌస్ పట్టుకోవడం దగ్గర నుంచి తనే నేర్పింది. "మా అమ్మ నా జూనియర్" అని స్నేహితులందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

తర్వాత పోటీ వచ్చింది. పెద్దాస్పత్రిలో దారి చూపించే బోర్డులు తయారుచేయాలి. విద్యార్థులు ఎవరైనా సరే పంపవచ్చు. గెలిచినవాళ్లకి పేరున్న డిజైన్ సంస్థలో ఏడాది పాటు పని నేర్చుకునే అవకాశం. తల్లీ కూతుళ్లిద్దరూ పంపారు. తొమ్మిది రోజుల కిందట తుది జాబితా వచ్చింది. అయిదు పేర్లు. అయిదోది తల్లిది. కూతురి పేరు లేదు.

ఆ రోజు నుంచి కూతురు ఇంట్లో "ఊఁ", "ఊహూఁ" తప్ప మూడో మాట మాట్లాడలేదు. నిన్న కాలేజీవాళ్లు తప్పులక్కని పిలిచి ఈ కాగితం చేతిలో పెట్టారు. ఇవాళ మూడు గంటలకు కమిటీ ముందుకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి.

భర్త టీ తాగి కప్పు బల్ల మీద పెడుతూ కాగితాన్ని గ్లాసు కింద నుంచి లాగాడు. మొదటిసారి తనే పైకి చదివాడు.

"'తుది అయిదుగురిలో ఒకరు నిజమైన విద్యార్ధిని కాదు. ఆమె ఇరవై రెండేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తున్నారు. కిందటేడు ఆ ప్రెస్సు క్యాలెండరు ఆమె డిజైన్ చేసిందే. జీతం తీసుకుని డిజైన్ చేసేవాళ్లు ఈ పోటీకి అనర్హులని మీ నిబంధనల్లోనే ఉంది.' పేరు లేదు, ఊరు లేదు. మగతనం ఉంటే సంతకం పెట్టాలి కదా. ఇదేమిటి, ఈ ఎర్ర సున్నా ఎవరు చుట్టారు?"

"నేనే. అలవాటు."

నిజంగానే అలవాటు. నిన్న బస్సులో కూర్చుని చదువుతుంటే ఆమె చెయ్యి దానంతటదే సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి మొదటి వాక్యంలో 'విద్యార్ధిని' అన్న మాట చుట్టూ సున్నా చుట్టేసింది. థ ఉండాల్సిన చోట ధ ఉంది. చుట్టిన తర్వాత ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఆ తప్పు చేసేవాళ్లు లోకంలో కోకొల్లలు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ క్యాలెండరు సంగతి? దాని మీద ఆమె పేరు లేదు. అది ప్రెస్సులో వేసింది కాదు, ఇంట్లో కూతురి కంప్యూటర్ మీద మూడు ఆదివారాలు కూర్చుని వేసింది. ఓనరు కూడా ఎవరో బయటివాళ్లు వేశారని అందరితో చెప్పుకున్నాడు. తెలిసినవాళ్లు ఓనరు కాక ఇంట్లో ముగ్గురే. ఓనరు రాసే ఉత్తరాల్లో తప్పులు వెతకడం ఆమె పనే. ఆయన లేఖ అయితే ఆ నాలుగు వాక్యాల్లో కనీసం పది ఎర్ర సున్నాలు పడేవి.

"నీకు తెలుసు కదూ ఎవరో," అన్నాడు భర్త.

ఆమె అతని ఖాళీ కప్పు తీసింది.

అతను ఆమె మొహం వైపు చూశాడు. తర్వాత ఎర్ర సున్నా వైపు. ఆ తర్వాత మూత పెట్టిన మూడో కప్పు వైపు. అతని కళ్లు మూసి ఉన్న తలుపు దగ్గర ఆగాయి. తెగిన వైరు దొరికితే సంతోషించే మనిషి, ఈసారి ఎందుకు వెతికానురా అన్నట్టు కుర్చీలో కూలబడ్డాడు.

"నేను దానితో మాట్లాడనా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"మీరు పనికి వెళ్లండి. అక్కడ ఎవరో ఏడో అంతస్తు నుంచి మెట్లు దిగుతూ మిమ్మల్ని తిట్టుకుంటూ ఉంటారు."

"తిట్టుకోనీ."

"వెళ్లండి. నేను చూసుకుంటాను."

అతను వెళ్లేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా వేశాడు. పదిహేడేళ్లుగా ఆ తలుపుని దభీమని వేయడమే తప్ప ఇంకోరకంగా వేసి ఎరగడు.

*

కూతురు గదిలోంచి వచ్చి, టీ కప్పు తీసుకుని, నిలబడే తాగసాగింది. భుజాన బ్యాగు ఉంది.

"కూర్చుని తాగు."

"క్లాసుంది."

తప్పులక్క కాగితాన్ని కూతురి ముందుకు జరిపింది. కూతురు దాని వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఎర్ర సున్నా చూసింది. టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"మూడో తరగతిలో చెప్పాను," అంది తల్లి. "థకి పొట్టలో చుక్క పెట్టవే, లేకపోతే దానికి ఆకలేస్తుంది అని. నువ్వు నవ్వి వారం రోజులు అన్నింటికీ చుక్కలు పెట్టావు. దకీ పెట్టావు, ధకీ పెట్టావు. ఎనిమిదో రోజు మళ్లీ మొదటికి వచ్చావు."

"నేను అబద్ధమేం రాయలేదు."

"లేదు."

"ప్రతి మాటా నిజమే."

"అదే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది. అబద్ధం రాసుంటే కోపం తెచ్చుకునేదాన్ని."

కూతురు బ్యాగు భుజం మీద నుంచి దింపింది. కానీ కూర్చోలేదు.

"నీకెందుకమ్మా అది?" అంది. "నీకు ఉద్యోగం ఉంది. నాన్న ఉన్నాడు. ఏడాది పాటు అక్కడికి పోయి కొత్త పిల్లలతో కూర్చుని పని నేర్చుకుంటావా? నాకిది చివరి సంవత్సరం. నాకు ఇదొక్కటే ఉంది."

"నన్ను అడగలేదు నువ్వు."

"ఏమని అడగాలి? తప్పుకో అనా?"

"అవును. అలాగే. మొహం మీద."

"అడిగితే తప్పుకునేదానివా?"

తల్లి అవునందామనుకుంది. తల్లులు అనాల్సిన మాట అదే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తనకే నమ్మకం లేని మాట బిడ్డతో ఎలా చెప్పడం?

"తెలీదే," అంది. "నిజంగా తెలీదు. ఇరవై రెండేళ్లు ఇంకొకరి మాటల్లో తప్పులు ఏరాను. తప్పు దొరికినప్పుడు పిలుస్తారు నన్ను. బాగున్నప్పుడు నా ఊసు ఎవరికీ అక్కర్లేదు. మొదటిసారి, ఒక పని నాదని చెప్పి పంపించాను. ఆ జాబితా చూసినప్పుడు నీ పేరు కోసమే ముందు వెతికాను. లేదని బాధపడ్డాను. కానీ నా పేరు ఉందని సంతోషించలేదంటే అబద్ధం."

"చూశావా," అంది కూతురు. "నువ్వు నాతోబాటు చదువుతుంటే ఎంత గర్వంగా ఉండేదో తెలుసా? క్లాసులో అందరికీ చెప్పాను. నాకంటే ముందు నిలబడతావని మాత్రం అనుకోలేదు. ఇప్పుడు కారిడార్లో నడుస్తుంటే అడుగుతున్నారు, ఇంట్లో అసలు స్టూడెంట్ ఎవరని. నవ్వుతున్నారు. నేనూ నవ్వాల్సి వస్తోంది."

"నాతో చెప్పాల్సింది."

"నీతోనా? నీ గురించి నీతోనే చెప్పుకోవాలా?"

ఇన్నాళ్లూ పిల్లకి ఏ కష్టం వచ్చినా వచ్చి చెప్పుకునేది తన దగ్గరే. ఆ దారి మూసుకుపోయిందని, మూసింది తనేనని ఇప్పటిదాకా తట్టనే లేదు.

కూతురు బ్యాగు భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"వాళ్లకి చెప్తావా? నేనే రాశానని?"

"నువ్వేం అనుకుంటున్నావు?"

కూతురు వెనక్కి తిరగలేదు. మెట్లు దిగుతున్న చప్పుడు రెండో అంతస్తు దాకా వినబడింది. తర్వాత కాసేపు ఆగింది. తప్పులక్క గుమ్మం దాకా వచ్చి విన్నది. మళ్లీ దిగుతున్న చప్పుడే.

*

కమిటీ గదిలో పొడుగు బల్ల. గోడకి తుది అయిదుగురి పనులు వరసగా అతికించి ఉన్నాయి. ఆమెవి చివర్లో. బల్ల అవతల పోటీ కార్యదర్శి, సాయంత్రం క్లాసు మాస్టారు, జడ్జిగా వచ్చిన ఒక పెద్దావిడ. స్టేషన్లకీ ఆస్పత్రులకీ బోర్డులు వేసి వేసి జుట్టు నెరిసిన మనిషట.

"ఇంత కిందకి ఎందుకు పెట్టారమ్మా బాణాలన్నీ?" అని ఆవిడే మొదట అడిగింది. ఫిర్యాదు ఊసు ఎత్తకుండా. "మోకాలి ఎత్తున, నేల మీద. మిగతావాళ్లందరూ తల పైనే పెట్టారు."

"రెండు ఆదివారాలు అక్కడి హాల్లో కూర్చుని చూశానండీ. జబ్బుతో వచ్చినవాళ్లు తల ఎత్తి నడవరు. వాళ్ల వెంట వచ్చినవాళ్లూ ఎత్తరు. కాళ్లు చూసుకుంటూ నడుస్తారు. తలపైన బోర్డు ఎంత అందంగా ఉన్నా వాళ్లకి లేనట్టే."

పెద్దావిడ తల ఊపింది. మాస్టారు మురిసిపోయాడు. కార్యదర్శి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఫిర్యాదు సంగతి తర్వాత మాట్లాడదాం. అది వచ్చాక అందరి ఫైళ్లూ మళ్లీ తెరిచి చూశాం. మీరు పంపిన కంప్యూటర్ ఫైల్లో, తయారుచేసినవారు అన్నచోట, మీ పేరు లేదు. మీ అమ్మాయి పేరుంది."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీదికి ముందుకు వంగింది.

"కంప్యూటర్ దానిదండీ, అందులో ఏ ఫైలు చేసినా దాని పేరే పడుతుంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. నేను దాని మీదే పనిచేస్తాను."

"కావచ్చు. కాని ఆ అమ్మాయి కూడా ఈ పోటీకి పంపింది. ఒకే మనిషి రెండు పేర్లతో పంపినట్టు తేలితే ఇద్దరి మీదా చర్య ఉంటుంది. ఆ అమ్మాయిదీ చివరి సంవత్సరం."

"దాన్ని ఇందులోకి లాగకండి. కావాలంటే ఇక్కడే, మీ ముందే కూర్చుని మళ్లీ వేసి చూపిస్తాను."

"క్లాసులోంచి పిలిపించామమ్మా. వస్తోంది."

కూతురు తలుపు తోసుకుని వచ్చింది. తల్లి పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు. కార్యదర్శి ఫైలు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. చెప్పి, గోడ చివర్లో ఉన్న బోర్డుల వైపు వేలు చూపించాడు.

"ఇవి ఎవరు వేశారు?"

నేనే అంటే చాలు, తల్లి పేరు అక్కడితో చెరిగిపోతుంది. నాకు తెలీదు అన్నా చాలు. తప్పులక్క బల్ల అంచు వైపు చూస్తూ కూర్చుంది. కూతురి వైపు చూస్తే బతిమాలినట్టుంటుందని చూడలేదు.

"కంప్యూటర్ నాది సార్," అంది కూతురు. "బోర్డులు అమ్మవి. బాణాలు మోకాళ్ల దగ్గర పెడతానంటే నేను నవ్వాను. చీమల కోసమా అని అడిగాను. అమ్మ ఏమీ అనలేదు. అలాగే పెట్టింది."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. గదిలో ఊపిరి తిరిగినట్టయింది.

"ఆ ఉత్తరం కూడా," అంది కూతురు. బ్యాగు దింపి నేల మీద పెట్టింది. "ఆ ఉత్తరం రాసింది నేను."

కిటికీ అవతల ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. తప్పులక్క తన పక్కనున్న ఖాళీ కుర్చీని కాస్త వెనక్కి లాగింది. కూతురు కూర్చుంది.

"సరే," అన్నాడు కార్యదర్శి. మనిషి కటువుగా కనిపించినా గొంతు మెత్తబడింది. "ఎవరు రాశారన్నది ఇంట్లో చూసుకోండి. మాకు కావాల్సింది రాసింది నిజమా కాదా అన్నదే. ఇదిగోనమ్మా కాగితం. డిజైన్ పనికి జీతం తీసుకున్నారా లేదా, మీ చేతి రాతతో రాసివ్వండి. దాన్ని బట్టి ఇప్పుడే తేల్చేస్తాం."

తప్పులక్క పెన్ను తీసుకుంది. రెండు వాక్యాలు రాసింది. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు కానీ రాయబోయే ముందు చాలాసేపు పట్టింది.

కార్యదర్శి చదివాడు. నొసలు ముడిపడింది. పైకి చదివాడు.

"'క్యాలెండరు నేనే వేశాను, దానికి ఏమీ తీసుకోలేదు. కాని ప్రూఫ్ రీడరుగా జీతం తీసుకుంటున్న రోజుల్లోనే, ఎవరూ లేనప్పుడు, చాలాసార్లు పేజీలూ చీటీలూ కూడా నేనే అమర్చాను.' అమ్మా, మొదటి వాక్యం ఒక్కటే చాలు. రెండోది మిమ్మల్ని ఎవరడిగారు?"

"మీరే కదండీ అడిగింది."

"రెండోది లేకపోతే జాబితాలో మీ పేరు ఇప్పుడే ఖాయం చేస్తాను. ఉంటే చెయ్యలేను. కొట్టేసి ఇవ్వండి." కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. పక్కనే పెన్ను కూడా పెట్టాడు.

అప్పుడు పెద్దావిడ కలగజేసుకుంది. "ఒక్క నిమిషం. కొట్టేసేముందు ఆవిడకి ఇంకో సంగతి తెలియాలి. తెలియకుండా నిర్ణయించుకోమనడం న్యాయం కాదు." తన ముందున్న జాబితా తిప్పింది. "ఈ అయిదుగురిలో ఎవరు తప్పుకున్నా ఆరో పేరు పైకి వస్తుంది. ఆరో పేరు ఈ అమ్మాయిది. మీకూ తనకూ మధ్య తేడా అర మార్కు."

కూతురు తల ఎత్తింది. ఆ సంగతి ఆమెకి తెలియదని మొహమే చెప్పింది.

తప్పులక్క తను రాసిన రెండో వాక్యం వైపు చూసింది. ఇందాక అది ఒట్టి నిజం. ఇప్పుడు చూస్తే దానం చేసినట్టుంది. కొట్టేస్తే దొంగతనం చేసినట్టుంటుంది. అక్షరం మారలేదు, అర్థం రెండు ముక్కలయింది.

"కొట్టెయ్యమ్మా," అంది కూతురు నెమ్మదిగా.

"నువ్వు ఊరుకో."

"కొట్టెయ్. నువ్వు వదిలేస్తే వచ్చింది నాకు వద్దు."

"నేను వదలడం లేదే. జరిగింది రాశాను."

"ఎవరు నమ్ముతారు? నా కోసమే రాశావంటారు. నేనూ అదే అనుకుంటాను. బతికినన్నాళ్లూ అదే అనుకుంటాను."

"మరి ఇందులో తప్పెక్కడుందో చూపించు," అంది తప్పులక్క. "చూపిస్తే కొట్టేస్తాను."

కూతురు ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్లీ చదివింది. వేలు పెట్టి చూపించడానికి ఒక్క చోటూ దొరకలేదు.

"ఇలా ఇవ్వండమ్మా, టైమవుతోంది," అని కార్యదర్శి చెయ్యి చాచాడు.

తప్పులక్క కాగితం అంచు పట్టుకుంది. అప్పటికే దాని మీద కూతురి అరచెయ్యి పడింది, గట్టిగా, రెండో వాక్యం మొత్తం కనబడకుండా.